థాయిలాండ్‌లో పసిపిల్లల ఇంగ్లీషు టీచర్‌గా మొదటి ఏడాది: నా అనుభవం

బెంగళూరు ప్రీస్కూళ్లలో పనిచేసే మన తెలుగు అమ్మాయిలు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఒకటే. థాయిలాండ్‌లో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం నిజంగా దొరుకుతుందా, దొరికితే అక్కడ బతకగలమా అని. నేను 2025 మేలో వెళ్లాను. ఒక విద్యా సంవత్సరం పూర్తిచేసి, మొన్న ఉగాదికి రామ్మూర్తి నగర్‌లో అక్కావాళ్లింటికి వచ్చాను. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మాది హిందూపురం. డిగ్రీ అక్కడే చేశాను. తర్వాత బెంగళూరు వచ్చి అక్క దగ్గర ఉంటూ ఒక ప్రీస్కూల్లో నాలుగేళ్లు ఎల్‌కేజీ చెప్పాను. చివరి నెలలో నా జీతం 19,000 రూపాయలు. పని నాకు ప్రాణం, జీతం మాత్రం అక్కడే ఆగిపోయింది. 2024 దసరా సెలవుల్లో విదేశీ ఉద్యోగాల కోసం వెతకడం మొదలుపెట్టాను.

ముందు కొరియా చూశాను. అక్కడ ఇంగ్లీషు టీచర్ వీసా మామూలుగా అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే ఇస్తారు. థాయిలాండ్‌లో చట్టం మనల్ని ఆపదు, ప్రకటనలే ఆపుతాయి. సగానికి సగం ప్రకటనల్లో ‘నేటివ్ స్పీకర్లు మాత్రమే’ అని మొదటి లైన్లోనే ఉంటుంది. చాలా స్కూళ్లు నా మెయిల్‌కు జవాబే ఇవ్వలేదు. జవాబిచ్చిన వాళ్లలో ఒకావిడ వీడియో కాల్‌లో రెండు నిమిషాలు మాట్లాడి, మీ ఇంగ్లీషు బాగుంది కానీ పేరెంట్స్ ఒప్పుకోరు అన్నారు. ఆ రాత్రి అన్నం సహించలేదు. నాలుగేళ్లుగా పిల్లలకు చదవడం నేర్పిన మనిషిని ముఖం చూసి వద్దంటే ఎలా ఉంటుందో, ఈ దారిలో వెళ్లే ప్రతి ఒక్కరికీ ఒకసారైనా తెలుస్తుంది. దానికి ముందే మనసు సిద్ధం చేసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2024 నవంబర్‌లో ఒక ఏజెంటు ఫోన్ చేసి, ఇప్పుడు ఇండియన్స్‌కి 60 రోజులు వీసా అక్కర్లేదు కదా మేడం, టూరిస్టుగా వచ్చేయండి, వచ్చాక మార్పిస్తాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వర్క్ పర్మిట్ లేకుండా అక్కడ పనిచేయడం నేరం, పట్టుబడితే శిక్ష పడేది మనకు, ఏజెంటుకు కాదు. పైగా థాయిలాండ్‌లో ఉద్యోగమని తీసుకెళ్లి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల కేంద్రాల్లో పెట్టిన సంగతి అందరికీ తెలిసిందే. 2025 మార్చిలో మన ప్రభుత్వం అక్కడినుంచి వందల మందిని విమానాల్లో వెనక్కి తెచ్చింది, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాబట్టి ‘నాన్ బి’ వీసాకు, అంటే ఉద్యోగానికి వెళ్లేవాళ్లు తీసుకునే వీసాకు, కావలసిన లెటర్లు స్కూలే పంపాలి. పంపం అంటే ఆ ఉద్యోగం వదులుకోండి.

డిసెంబర్‌లో నఖోన్ పథోమ్‌లోని ఒక ప్రైవేటు స్కూలు డెమో అడిగింది. బ్యాంకాక్‌కు పడమరగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు అది. పావుగంట పాఠం, కెమెరా ముందు. పిల్లలు లేకుండా పసిపిల్లల పాఠం చెప్పడం నా వల్ల కాదని అక్క కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడికి నాలుగేళ్లు. రంగుల పేర్లు చెబుతుంటే మధ్యలో లేచి వెళ్లిపోయాడు. నేను పాఠం ఆపకుండా ఒక ఎర్ర బంతి తలుపు వైపు దొర్లించాను, వాడు దాన్ని పట్టుకుని ‘రెడ్’ అని అరుస్తూ తిరిగొచ్చాడు. ఆ ఒక్క నిమిషం వల్లే నన్ను తీసుకున్నామని ప్రిన్సిపల్ తర్వాత చెప్పారు. జనవరి రెండో వారంలో ఆఫర్ వచ్చింది. నెలకు 22,000 భాట్. అప్పట్లో ఒక భాట్ దాదాపు రెండున్నర రూపాయలు. అంటే మన డబ్బుల్లో యాభై అయిదు వేల దాకా.

కాగితాల పని జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగింది. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్లు పరీక్ష స్కోరు చూపించాలి. నేను బెంగళూరులో ఐఈఎల్‌టీఎస్ రాశాను, 17,000 రూపాయల దాకా అయింది. కంప్యూటర్ మీద రాస్తే ఫలితం కొద్దిరోజుల్లోనే వస్తుంది. కొన్ని స్కూళ్లకు టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష అయినా సరిపోతుంది, ముందే అడిగి కనుక్కోండి. ఇంగ్లీషు బోధనకు సంబంధించిన 120 గంటల టెఫెల్ సర్టిఫికెట్ ఆన్‌లైన్లో రాత్రిళ్లు కూర్చుని చేశాను. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ సేవలో 500 రూపాయలు కట్టి, మారతహళ్లి కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నా పాస్‌పోర్టులో ఉన్నది బెంగళూరు అడ్రసే కాబట్టి పెద్దగా తిప్పలేదు.

అసలు టెన్షన్ అంతా డిగ్రీ దగ్గరే. సర్టిఫికెట్ ఏ రాష్ట్రంలోని యూనివర్సిటీదో మొదటి ధృవీకరణ ఆ రాష్ట్రంలోనే జరగాలి. నేను ఉండేది కర్ణాటకలో, సర్టిఫికెట్ ఆంధ్రప్రదేశ్‌ది. ముందు యూనివర్సిటీ నిర్ధారణ, ఆపైన రాష్ట్రం ముద్ర, ఆపైన ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, చివరికి థాయ్ ఎంబసీ ముద్ర. ఒరిజినల్ డిగ్రీ పట్టా మన చేతిలో లేకుండా దాదాపు రెండు నెలలు ఉంటుంది. అది కొరియర్‌లో ఎక్కడుందో తెలియని రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు. ఏజెన్సీ ఫీజులు, కొరియర్లు అన్నీ కలిపి 14,000 రూపాయలు దాటింది. బావ అడక్కుండానే ఆ డబ్బు నా అకౌంట్లో వేశారు. నేను వద్దంటే, ‘నీ మొదటి జీతంలో ఇద్దువులే, ముందు పని కానియ్యి’ అన్నారు.

ఇంకో సంగతి. ఇసిఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవలసిన దేశాల్లో థాయిలాండ్ కూడా ఉంది. టెన్త్ పాసైతే ఆ ముద్ర ఉండకూడదు. చిన్నప్పుడు తీసుకున్న పాత పాస్‌పోర్టులైతే ఒకసారి తీసి చూసుకోండి.

మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వచ్చి బ్యాంకాక్‌లో కడుతున్న పెద్ద భవనం కూలిపోయింది. ఆ వీడియోలు హిందూపురంలో అమ్మ ఫోన్‌కి నాకంటే ముందే చేరాయి. ‘ఉన్న ఉద్యోగం చేసుకోక ఎందుకే నీకు ఆ దేశం?’ అని ఏడ్చింది. నా దగ్గర జవాబు లేదు. నాకూ భయంగానే ఉంది. స్కూలువాళ్లు మర్నాడే మెసేజ్ పెట్టారు, తరగతి గదుల ఫోటోలు పంపారు. వాటిని అమ్మకు చూపించి, రెండు రోజులు ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు అమ్మే ఫోన్ చేసి రాగి పిండి ఎన్ని కిలోలు పట్టుకెళ్లనిస్తారని అడిగింది.

2025 జనవరి నుంచి మన దేశంలో థాయ్ వీసా దరఖాస్తు అంతా ఆన్‌లైనే, చెన్నై కాన్సులేట్ చుట్టూ తిరిగే పని లేదు. ప్రైవేటు స్కూళ్లకు అక్కడి విద్యా శాఖ అనుమతి లెటరు ఉంటుంది, స్కూలు ఆహ్వానం, రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా ఉంటాయి. ఇవన్నీ పంపాక అప్‌లోడ్ చేయాలి. ఏప్రిల్ మధ్యలో సోంగ్‌క్రాన్ కొత్త సంవత్సరం సెలవులు వస్తాయి. ఆ వారంలో అక్కడ ఏ ఆఫీసూ పలకదు. నా లెటరు ఆ సెలవుల వెనక ఇరుక్కుంది. వీసా ఏప్రిల్ చివరి రోజుల్లో గానీ రాలేదు. ఈలోపు టికెట్ ధర పెరిగి 13,000 దాకా పోయింది. మేలో చేరేవాళ్లు మార్చిలోనే స్కూలు నుంచి కాగితాలు రాబట్టుకుంటే ఈ బాధ ఉండదు.

బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఎమిగ్రేషన్ ఆఫీసర్ నన్ను పక్కకు నిలబెట్టారు. ఏ స్కూలు, ఎవరు పిలిచారు, జీతం ఎంత, ఏజెంటుకు ఎంత కట్టావు అని వరసగా అడిగారు. ఒంటరిగా థాయిలాండ్ ఉద్యోగానికి వెళ్తున్న అమ్మాయిని అలా అడగడం మంచిదేనని నాకనిపించింది. కాంట్రాక్టు, స్కూలు లెటరు, వీసా ప్రింటు అన్నీ చేతిలో ఉన్నాయి కాబట్టి పది నిమిషాల్లో పంపించారు. ఇవి ఫోన్లో మాత్రమే పెట్టుకోవద్దు, కాగితం మీద ఉంచుకోండి. ఆ మే 1 నుంచే థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డు మొదలైంది. దిగడానికి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్లో నింపాలి, ఉచితం. డబ్బులు అడిగే వెబ్‌సైట్లు నకిలీవి.

దిగిన రోజే స్కూలు దగ్గర గది చూపించారు. అద్దె 4,500 భాట్, రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు. బెంగళూరు అడ్వాన్సులు కట్టినవాళ్లకు ఇది తేలికగానే ఉంటుంది, కానీ కరెంటు విషయం ముందే అడగండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఓనర్లే యూనిట్‌కు ఏడెనిమిది భాట్ చొప్పున తీసుకుంటారు. ఏసీ వాడితే బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది. గదిలో మంచం, బీరువా, ఏసీ ఉన్నాయి. వంటగది మాత్రం లేదు. బాల్కనీలో కరెంటు పొయ్యి పెట్టుకున్నాను. విదేశీయులు ఎక్కడ ఉంటున్నారో ఇంటి ఓనరు ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి. ఆ రసీదు అడిగి తీసుకుని దాచుకోండి, తర్వాత ప్రతి పనికీ అదే అడుగుతారు.

అక్కడ ఎంత చిన్న బండి మీదైనా క్యూఆర్ కోడ్ ఉంటుంది. మన ఫోన్‌పే నాకు అక్కడ పనిచేయలేదు. 2025లో మన కార్డుతో ఏటీఎంలో తీస్తే ఒక్కోసారికి 220 భాట్ చార్జీ పడేది. బ్యాంకు అకౌంటుకు వర్క్ పర్మిట్ అడిగారు. అంటే అకౌంటు జూన్లో, మొదటి జీతం జూన్ చివర్లో. దాదాపు రెండు నెలలు చేతిలో ఉన్న డబ్బుతోనే గడపాలి. డిపాజిట్, గిన్నెలు, యూనిఫారం బట్టలు, తిండి, బండి చార్జీలు కలిపి నాకు 30,000 భాట్ అయిపోయింది. వెళ్లేవాళ్లు కనీసం అంత చేతిలో పెట్టుకోండి. నేను అమ్మ గాజు ఒకటి కుదువ పెట్టి తీసుకెళ్లాను, నవంబర్లో విడిపించాను.

వర్క్ పర్మిట్ కోసం స్కూలు నన్ను మొదట ఒక క్లినిక్‌కు పంపింది. కుష్టు, క్షయ, బోదకాలు, ముదిరిన సిఫిలిస్, మత్తుమందుల వ్యసనం, మద్యపాన వ్యసనం లేవని డాక్టరు రాసివ్వాలి. ఏడాది పర్మిట్‌కు ఫీజు 3,000 భాట్, మా స్కూలే కట్టింది. కాంట్రాక్టులో ఈ మాట ఉందో లేదో చూసుకోండి, చాలామంది టీచర్లు సొంతంగా కట్టుకుంటున్నారు. పర్మిట్ వచ్చేదాకా నన్ను పాఠం చెప్పనివ్వలేదు. మే మధ్యలో స్కూలు తెరిచాక మొదటి రోజులన్నీ గోడ పక్కన చిన్న కుర్చీలో కూర్చుని చూడడమే.

ఆ చూడడం నాకు ఎంతో మేలు చేసింది. అనుబాన్ అంటే అక్కడి కిండర్‌గార్టెన్, అనుబాన్ ఒకటి అంటే మూడేళ్లు నిండిన పిల్లలు. తరగతిలో 28 మంది, ఒక థాయ్ టీచరు, ఒక ఆయమ్మ. మొదటి వారమంతా ఏడుపులే. మన పిల్లలు ‘అమ్మా’ అని ఏడుస్తారు, వాళ్లు ‘మే’ అని ఏడుస్తారు, గేటు వైపు చెయ్యి చాచడం మాత్రం ఒకటే. ఎనిమిదింటికి జాతీయ గీతం, జెండా. ఏడుస్తున్న పిల్లలు కూడా ఆ నిమిషం నిలబడిపోతారు. చెప్పులు తరగతి బయట విప్పాలి. మధ్యాహ్నం భోజనం అవగానే అందరూ వరసగా కూర్చుని పళ్లు తోముకుంటారు. తర్వాత పరుపులు పరిచి నిద్ర. నిద్ర లేచాక థాయ్ టీచరు, ఆయమ్మ ఒక్కొక్కరికీ ముఖం కడిగి, జుట్టు మళ్లీ వేసి, బుగ్గల నిండా తెల్లటి పౌడరు అద్దుతారు. మా అమ్మ నన్ను సాయంత్రం బడి నుంచి రాగానే సరిగ్గా ఇలాగే తయారుచేసేది. రెండో రోజు నేనూ ఒక పౌడరు డబ్బా తీసుకుని కూర్చున్నాను. పర్మిట్ రాకముందు ఆ పిల్లలు నా దగ్గరికి వచ్చింది ఆ పౌడరు కోసమే. భాష లేదు, పాఠం లేదు. గడ్డం పైకెత్తి కళ్లు మూసుకుని నా ముందు నిలబడేవాళ్లు.

పాఠం మొదలయ్యాక అసలు పని తెలిసింది. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ శబ్దాలతో ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పడం, మొదలుపెట్టడం బెంగళూరులోనూ చేసిందే. మన పిల్లలు ‘బస్’ని ‘బస్సు’ చేస్తారు, చివర ఒక అచ్చు కలుపుతారు. థాయ్ పిల్లలు చివరి శబ్దాన్ని మింగేస్తారు. ‘హౌస్’ కాస్తా ‘హావ్’ అవుతుంది, ‘యాపిల్’ చివర ‘న్’ వినిపిస్తుంది. నాలుగేళ్లుగా నేను చివరి అచ్చు తీసేయించే పని చేశాను, ఇక్కడ చివరి హల్లు నిలబెట్టే పని. నేను చేసిందేమిటంటే, పిల్లల అరచేతిని వాళ్ల నోటి ముందే పెట్టించి చివరి శబ్దం గాలి తగిలేదాకా చెప్పించడం. ‘సిక్స్’ చివర అరచేతికి గాలి తగిలితే కేరింతలు కొట్టేవాళ్లు.

‘పి’ దగ్గర ఇంకో సమస్య వచ్చింది. మనం ‘పెన్’ అనేటప్పుడు మామూలు ‘ప’ పలుకుతాం. థాయ్ భాషలో గాలి లేని ‘ప’, గాలితో వచ్చే ‘ప’ రెండు వేర్వేరు అక్షరాలు. ఇంగ్లీషు ‘పి’కి వాళ్లు గాలితో వచ్చేదాన్నే నేర్పుతారు. నా ‘పెన్’ వాళ్ల చెవికి వేరే అక్షరంగా వినిపించేది. థాయ్ టీచరు నాతో ఈ మాట చెప్పడానికి చాలా మొహమాటపడింది, వారం రోజులు ఆగి చెప్పింది. చెప్పాక నేను పెదవుల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని, అది ఎగిరేలా ‘పి’ పలకడం సాధన చేశాను. తర్వాత అదే కాగితం ముక్క పిల్లలందరికీ ఇచ్చాను. ఇంగ్లీషు రావడం వేరు, ఈ పిల్లల చెవి ఎలా వింటుందో తెలియడం వేరు. నాకు ఐఈఎల్‌టీఎస్‌లో మంచి స్కోరే వచ్చింది, కానీ ఇది ఆ పరీక్షలో లేదు.

ఒక్కో పీరియడు 20 నిమిషాలు. అందులో కూర్చునేది అయిదు నిమిషాలే. మిగతాదంతా గెంతడం, దాక్కోవడం, బుట్టలోంచి వస్తువు తీయడం. బెంగళూరులో ఎల్‌కేజీ చెప్పినవాళ్లకు దీనికి కొత్తగా ఏ శిక్షణా అక్కర్లేదు. అరవై మంది తల్లిదండ్రుల ముందు ఆన్యువల్ డే చేయించిన మనకు 28 మంది పిల్లలు ఎక్కువ కాదు.

జూన్లో ఒక గురువారం వాయ్ ఖ్రూ చేశారు, గురువులకు నమస్కరించే రోజు. పిల్లలు పూల పళ్లేలు పట్టుకుని మోకాళ్ల మీద నడుస్తూ వచ్చి ఇస్తారు. నేను వేదిక మీద కుర్చీలో కూర్చున్నాను. ఒక పాప తెచ్చిన పళ్లెంలో చూస్తే నూరువరహాల పూలు, వంకాయ పువ్వు, దాని పక్కన పచ్చటి గరిక. వినాయక చవితికి పొలం గట్ల మీద కోసే గరికే. తెలివి పదునుగా ఉండాలని నూరువరహాల పువ్వు, వినయం కోసం వంకాయ పువ్వు, గరికలాగా ఎక్కడ వేసినా పాకాలని గరిక అని పక్కనున్న టీచరు చెవిలో చెప్పింది. పాప తల నేలకు ఆనించింది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. వచ్చి ఆరు వారాలు కాలేదు, గదిలో ఒంటరిగా కూర్చుని వెళ్లిపోదామా అని అనుకున్న రాత్రులు అప్పటికి చాలా అయ్యాయి. ఆ రోజు తర్వాత ఆ ఆలోచన తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

వానాకాలంలో చేతులు, కాళ్లు, నోటి మీద పొక్కులొచ్చే జబ్బు అనుబాన్‌లలో మామూలు. జూలైలో మా తరగతిలో ముగ్గురికి వచ్చింది. తరగతి మూసేసి, బొమ్మలన్నీ కడిగి ఎండబెట్టారు. నాకు జ్వరం, దగ్గు ఆ నెలంతా వదల్లేదు. అదే నెల చివర్లో కాంబోడియా సరిహద్దులో కాల్పులు జరిగితే అమ్మ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. మా ఊరు అక్కడికి చాలా దూరమని అక్క మ్యాప్ చూపించాక కుదుటపడింది.

తొంభై రోజుల వీసా ఆగస్టు మొదట్లో అయిపోతుంది. అంతకు ముందే పొడిగింపు చేయించాలి, ఫీజు 1,900 భాట్. ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, మొదట ‘పరిశీలనలో ఉంది’ అనే ముద్ర మాత్రం వేశారు. నేను హడలిపోయాను. అది మామూలేనట. నెలకు మళ్లీ వెళ్తే మిగతా ఏడాది ఇచ్చారు. దేశంలో వరసగా ఉన్న ప్రతి 90 రోజులకు ఒకసారి చిరునామా రిపోర్టు ఇవ్వాలి. సమయానికి ఇస్తే ఖర్చు లేదు, దాటితే 2,000 భాట్ జరిమానా.

తిండి గురించి ఎక్కువ చెప్పను. నాకు మాంసం అలవాటే, అయినా చేపల సాసు వాసనకు అలవాటుపడేసరికి సెప్టెంబర్ వచ్చింది. నెలకోసారి రైలెక్కి బ్యాంకాక్ వెళ్లి పాహురత్ ఇండియన్ మార్కెట్‌లో కందిపప్పు, మినప్పప్పు, కరివేపాకు తెచ్చుకునేదాన్ని. వీలైతే సిలోమ్‌లోని మారియమ్మన్ గుడికి వెళ్లేదాన్ని. అమ్మ పంపిన రాగి పిండి ఆదివారాలకే వాడాను.

జీతం సంగతి మాత్రం దాచకూడదు. మా స్కూల్లోనే పక్క తరగతి చెప్పే ఇంగ్లండ్ అబ్బాయి జీతం 38,000. అతనికి పిల్లలకు చెప్పిన అనుభవం అంతకు ముందు లేదు. ఫిలిప్పీన్స్ నుంచి పదేళ్ల కిందట వచ్చిన అక్కకు 23,000. ఆవిడ దగ్గరే నేను సగం పని నేర్చుకున్నాను. ఇది అన్యాయం. ఆ అబ్బాయి మంచివాడే, కోపం అతని మీద కాదు. పాస్‌పోర్టు రంగును బట్టి జీతం కట్టే పద్ధతి మీద. వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలిసి వెళ్లాలి. నా ఖర్చు నెలకు 11,000, 12,000 భాట్ మధ్య ఉండేది. మిగిలింది దాదాపు 10,000 భాట్. బెంగళూరులో నా మొత్తం జీతం కంటే ఇది ఎక్కువ. బావ డబ్బు సెప్టెంబర్లోనే తీర్చాను.

అక్టోబర్ సెలవుల తర్వాత నవంబర్లో రెండో టర్మ్ మొదలైంది. అక్టోబర్ 24న రాజమాత సిరికిట్ మరణించారు, టీచర్లందరం నల్ల బట్టల్లో ఉన్నాం. రంగుల బట్టలు లేని ఆ రోజుల్లోనే నీళ్లలో దీపాలు వదిలే పండుగ లోయ్ క్రథోంగ్ వచ్చింది, నవంబర్ 5. మన కార్తీక పౌర్ణమి అదే రోజు. పిల్లలు అరటి బోదె ముక్కల మీద ఆకులు మడిచి, పువ్వులు గుచ్చి, మధ్యలో కొవ్వొత్తి పెట్టారు. నేను ఫోన్లో పెన్నలో అరటి దొప్పల మీద దీపాలు వదిలే ఫోటో చూపిస్తే, థాయ్ టీచరు తరగతి అంతటికీ ఆ ఫోన్ తిప్పి చూపించింది. అప్పటిదాకా మేమిద్దరం మర్యాదగా ఉండేవాళ్లం. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం కలిసి తింటున్నాం.

ఆ టర్మ్‌లో పిల్లలు మారిపోయారు. జూన్ నుంచి ఒక్క ఇంగ్లీషు మాట కూడా పలకని ఒక బాబు, డిసెంబర్లో పళ్లు తోముకుంటూ, నోటి నిండా నురగతో, ‘టీచర్, ఫినిష్’ అన్నాడు. చివర ‘ష్’ స్పష్టంగా పలికాడు. నేను వాడి బ్రష్ కడుగుతూ మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. ఫిబ్రవరిలో పేరెంట్స్ మీటింగుకు వాడి నాయనమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మొదట నన్ను చూసి, తెల్లవాళ్ల టీచర్ లేరా అని అడిగిన నాయనమ్మే ఆమె.

మార్చిలో ఇంటికి బయల్దేరే ముందు రీఎంట్రీ పర్మిట్ తీసుకున్నాను. ఇది లేకుండా దేశం దాటితే పొడిగించిన వీసా అక్కడికక్కడే రద్దయిపోతుంది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఒక్కసారికైతే 1,000 భాట్, ఎన్నిసార్లయినా అంటే 3,800. తెలియక వెళ్లిపోయి ఇబ్బందిపడినవాళ్లను చూశాను.

కాంట్రాక్టు రెన్యూ చేశారు. మొదటిది పదినెలలదే, అంటే మార్చి సగం నుంచి మే సగం దాకా జీతం లేదు. సంతకం పెట్టేముందు అందరూ చూసుకోవాల్సింది ఇదే. ఈసారి నేను పన్నెండు నెలల జీతం అడిగాను, పిల్లల ఫోనిక్స్ రికార్డులన్నీ ప్రిన్సిపల్ ముందు పెట్టి అడిగాను. వారం రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు, నెలకు 25,000 చేశారు. ఇంగ్లండ్ అబ్బాయితో సమానం చేయమని కూడా అడిగాను, దానికి ఇంకా జవాబు రాలేదు. మే మొదటి వారానికి టికెట్ తీసుకున్నాను. ఈసారి నాకు ఇచ్చింది అనుబాన్ రెండు, పోయినేడాది పిల్లలే పై తరగతికి వస్తున్నారు.